ఎనభై కేజీల బస్తా

మా ఉద్దానంలో జీడిపిక్కల బస్తా అంటే ఎనభై కేజీలు.
వంద ఎందుకు కాదో, డెబ్భై ఎందుకు కాదో
మా మామను అడిగితే
"కాటా ఆళ్ళది గదే" అన్నాడు. అంతే.

పైగా రెండు కేజీలు తరుగు.
గోనెకి ఒకటి, తేమకి ఒకటి.
నాలుగు రోజులు ఏప్రిల్ ఎండ తాగిన పిక్కలో
తేమ ఎక్కడిదని ఢిల్లేసు అడగలేదు.
అప్పటికే ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.

మాది ఎకరం ముప్పై సెంట్లు.
తిత్లీ రాత్రి నలభై చెట్లు ఒరిగిపోయాయి.
ఒకటి మాత్రం పడుకునే చిగురేసింది.
దాని కొమ్మలు నేల మీదే పాకుతాయి,
పళ్ళు ఏరడానికి వంగక్కర్లేదు
పక్కన కూర్చుంటే చాలు.

తోటలో అమ్మేసిన పిక్కనే
పలాసలో మళ్ళీ ముట్టుకుంటాను, కూలికి.
చేతులకి ఆముదం, పైన బూడిద,
ఒక్కో పిక్కా కత్తి కిందికి.
ఎంత రాసుకున్నా జీడి రసం వేలు తినేస్తుంది.
రేషన్ డిపో మిషను నన్ను గుర్తుపట్టదు.
"తుడిసి పెట్టు, మళ్ళీ పెట్టు" అంటాడు డీలరు
బియ్యం గింజలు పళ్ళెంలో అలాగే ఉంటాయి.

గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క.
ముక్కలు కూడా
పిల్లల పాయసానికి కొనుక్కోవాలి.

ఈ ఏడు రేటు పడిపోయింది.
"ఏటి సేటూ ఇది" అంటే
గోడవార బస్తాలు చూపించాడు.
విశాఖ రేవులో దిగినవి. బెనిన్ అనే దేశం.
"ఆళ్ళు నీకంటే సవగ్గా ఇస్తన్నారు."
ఆ రాత్రి ఆ దేశాన్ని తిట్టుకుంటూ పడుకున్నాను.
పలకడం రాకపోయినా తిట్టడం వచ్చింది.

మంగళవారం వాటిలో ఒకటి నా వంతుకొచ్చింది.
మూతి చూశాను. మిషను కుట్టు కాదు.
మూడు పొడుగు కుట్లు, ఒక వెనక కుట్టు,
దారం చాలక చివర్న
పువ్వుల గుడ్డ పేలిక చింపి ముడేశారు.
మా చీరల మీద లేని పువ్వులు.
కుట్టు మాత్రం నాదే.

లోపల చెయ్యి పెడితే పిక్కల మధ్య
బలపం ముక్క.
ఏ గుంటడో బడి ఎగ్గొట్టి ఏరుతూ
జేబులోంచి జార్చుకున్నాడు.
దమయంతి అప్ప దాన్ని అటూ ఇటూ తిప్పింది.
"ఆళ్ళకి అక్కడ ఏటి సెప్తారో?
ఉద్దానపోళ్ళు నీకంటే సవగ్గా ఇస్తన్నారనా?"
బాయిలర్ ఈల వేసింది.
మళ్ళీ కత్తుల దగ్గర కూర్చున్నాం.

మొన్న హైదరాబాదు నుంచి ఒకమ్మాయి వచ్చింది.
మంచి పిల్ల, చెప్పులు బయట విడిచింది.
రైతుకి న్యాయమైన ధర ఇస్తారట,
ప్యాకెట్టు మీద నా బొమ్మ వేస్తారట.
నవ్వమంది.
చేతులు కొంచెం వెనక్కి పెట్టుకోమంది.

పెట్టుకోలేదు.
"బొమ్మొద్దమ్మా. ఆ జాగాలో
బస్తాకి ఎంతిచ్చేరో ఆ అంకె రాయండి.
తరుగు ఎంత కోసేరో రాయండి.
ఆ పిక్క ఏ దేశపోళ్ళదైనా సరే, రాయండి.
కొన్నోళ్ళకి సదువొచ్చు గదా."

"అడగాలి" అని రాసుకుంది.
ఎవరిని అడగాలో రాసుకోలేదు.
ఆ పిల్లనీ ఎక్కడో
ఎవరో కాటా మీద నిలబెట్టే ఉంటారు.

బలపం ఇంటికి తెచ్చుకున్నాను.
మా వీధిలో ఎవరి బస్తా కాటాకెక్కినా
వచ్చి తలుపు వెనక గీతలు పెడతాను,
తరుగు పోయిన కేజీకి ఒకటి.
నిన్న పుచ్చ వాళ్ళది నలభయ్యో బస్తా.
గీతలు ఎనభై.
ఢిల్లేసు లాంతరు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టి
ఏమీ అనకుండా
బలపాన్ని చూరులో, పిల్లలకి అందనంత ఎత్తులో దాచాడు.
ఇంక గోరంతే మిగిలింది.