పదమూడు గళ్ళు

కుహ్మోలో ఫిబ్రవరి.
పదకొండింటికి బాలబడిలో భోజనాలు.
ఎండ కిటికీ గడప దాకా వచ్చి
లోపలికి దిగాలా వద్దా అని చూస్తోంది.
నేను కాటా సర్దుకుని కూర్చున్నాను,
గ్రాము కూడా వదలని కాటా,
పక్కన పదమూడు గళ్ళ కాగితం.

ఈ సీమ తిండి ఈ సీమ పిల్లలు
ఏ మాత్రం తింటున్నారో తేల్చాలి.
రై రొట్టెకి ఒకటి. సరస్సు చేపకి ఒకటి.
అడవి పళ్ళకి, టర్నిప్‌కి, బార్లీ జావకి తలా ఒకటి.
సాసేజీకి సున్నా.
ఐదేళ్ళ ప్రాణి పదమూడుకి ఎంతో నేను రాసిస్తే
రాజధానిలో ఎవరో దాన్ని చుక్కగా పెడతారు.

పెట్టేముందు ఒకసారి తూస్తాను కంచం,
తిన్నాక ఒకసారి.
మధ్యలో తగ్గిందంతా
కడుపులోకి పోయినట్టే లెక్క.
చిన్నప్పుడు టర్నిప్ ముక్కలు హీటరు వెనక పడేసి
వేసవిలో వాసనొచ్చేదాకా దొరకని దాన్ని,
ఈ లెక్క నేనెలా నమ్మానో!

హిల్లా అంటే మా భాషలో
బురదనేలల్లో కాసే పసుపు పండు.
పేరు పండుదే గాని పిల్ల పండు ముట్టదు,
గింజలు పళ్ళసందుల్లో ఇరుక్కుంటాయట.
మాకరోనీ అయితే వేలికొకటి
ఉంగరంలా తొడుక్కుని మరీ తింటుంది.
మూడు.

ఇంట్లో తిన్నది రాసుకొచ్చే పుస్తకాలు వేరే.
ఒకావిడ ఏడు రోజులూ ఒకే కలంతో, ఒకే వాలుతో
ఒక్క సాయంత్రం కూర్చుని రాసేసింది.
సోమవారం చేప, బుధవారం చేప, శనివారం బిల్‌బెర్రీలు.
ఎక్కడా నూనె మరక లేదు.
పదకొండు వేశాను.

తౌనో పుస్తకం జిడ్డు వేళ్ళతో వచ్చింది.
రంపపు మిల్లులో రాత్రి షిఫ్టు అతనిది.
సోమవారం సాసేజీ. మంగళవారం సాసేజీ, బంగాళాదుంప.
బుధవారం: నిద్రపోయాను, పిల్లే ఏదో తింది.
గురువారం పక్కన చిన్న అక్షరాల్లో:
మంచు కింద వల వెయ్యాలంటే ఇద్దరుండాలి,
ఇప్పుడు ఒక్కణ్ణే.
ఆ మాటకి గడి లేదు నా కాగితంలో.
నాలుగు.

ఓయివా కంచం మాత్రం రోజూ అద్దమే.
ముళ్ళు అంచుకి నెట్టి, రొట్టె మాయం చేసి,
పాలగ్లాసు బోర్లిస్తాడు.
పన్నెండు! ఊరు మొత్తంలో పన్నెండు వాడికే.
చుక్కలన్నిటికీ పైన వాడి చుక్క
ఒంటరిగా మెరుస్తుందని మురిసిపోయాను.

మార్చిలో మంచు మెత్తబడిన రోజు
వాడి కోటు తడిస్తే ఆరేద్దామని
ఆయా జేబులు తిరగేసింది.
రొట్టె ముక్కలు. ఎండి, చెక్కపేళ్ళలా.
లెక్కపెట్టాను, పాడలవాటు. పదకొండు.

"ఎవరికిరా?"
"కూక్కెలికి."

బూడిదరంగు పిట్ట, తోకలో తుప్పురంగు.
ఎంత చలైనా వలసపోక
మా అడవినే పట్టుకుని వేలాడేది.
రోజూ కంచె మీదికొచ్చేదట,
వాడి చేతి తొడుగు మీద వాలేదట.
పెద్ద మంచుగాలి కొట్టినప్పట్నించీ జాడలేదు.
వచ్చేసరికి ఆకలిమీద ఉంటుందని
దాని వాటా దాస్తున్నాడు.

"బిస్కెట్టు పెట్టకపోయావా,
రొట్టె నువ్వు తిని?"
వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు.
"అది ఇక్కడి పిట్ట.
ఇక్కడిదే తినాలి కదా."

పన్నెండు కొట్టెయ్యాలి నిజానికి.
రబ్బరు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
ముక్కలన్నీ కాటా మీద పెడితే
నూట నలభైమూడు గ్రాములు.
ఎక్కడా రాసుకోలేదు.

సాయంత్రం కంచె దగ్గర ఇద్దరం
తొడుగులు చాచి నిలబడ్డాం.
వాడి అరచేతిలో ఒక ముక్క, నా అరచేతిలో ఒక ముక్క.
ఫిర్ కొమ్మ మీంచి మంచు జారి పడ్డప్పుడల్లా
"అదుగో" అంటాడు.
నేనూ తల తిప్పుతున్నాను.