పంతొమ్మిదో మడత

నా పని ముఖాలు తుడవడం.
సినిమాలో ఇరవై ముగ్గురున్నారు,
ఇరవై ముగ్గురికీ మసక.
ఒక్కో ఫ్రేముకీ ఒక్కో మబ్బు అతికించాలి,
మనిషి తల తిప్పితే మబ్బూ తిరగాలి,
నవ్వితే, ఆ నవ్వు బయటికి పొంగకుండా
అంచులు కాస్త పెంచాలి.

కొత్త చట్టం వచ్చాక
త్బిలిసిలో ఇది రాత్రిళ్లు చేసే పని.

మే నెల ఊరేగింపు పదిహేడు నిమిషాలు:
యాభై మంది నడవడం,
వీధి నిండా జనం తరమడం,
పసుపుపచ్చ బస్సు అద్దం పగలడం,
లోపల ఎవరో వంగి చెప్పు వెతుక్కోవడం.
ఆ చెప్పుని మాత్రం మసక చెయ్యలేదు.

తర్వాత ఉషాంగి.
ఇక్కడ రాసింది మార్చిన పేరే.
నేలమాళిగ హోటల్లో ఖింకలి చేస్తాడు.
పిండి రేకు మధ్య మాంసం పెట్టి
కజ్జికాయ అంచు మడిచినట్టు చుట్టూ మడతలేస్తూ చెప్తాడు:
ఓటరు జాబితాలో ఉన్నాను, పన్ను కడతాను,
ఆ రోజు నన్ను కొట్టినవాడు
మర్నాడు ఇక్కడికే వచ్చి పన్నెండు తిన్నాడు.
అతని గొంతు రెండు మెట్లు దించాను.
బావిలోంచి మాట్లాడినట్టుంది.

హాలు ఎవరూ ఇవ్వలేదు.
గంట ముందు ఫోన్లకి చిరునామా పంపి
కుట్టుమిషన్ల గోడౌన్లో దుప్పటి కట్టి వేశాం.
గోడౌనామె తోడుగా ఒక పెద్దావిడని తెచ్చింది.
లమారా. జెస్తఫోనీ నుంచి కంటి ఆపరేషన్‌కొచ్చిందట,
ఒక కంటికి కట్టు.
బొమ్మ ఏదైతేనేం, చలిలో ఒక్కతే గదిలో ఎందుకని.

ఖింకలి దగ్గర ఆమె ముందుకు వంగింది.
పెదాలు కదులుతున్నాయి.
లెక్కపెడుతోంది.

అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చింది.
"నేను నేర్పింది పద్దెనిమిది.
ఆ పంతొమ్మిదోది వాడి సొంతం. చెప్తే వినడు."
నేను వైర్లు చుడుతూ ఉండిపోయాను.
అబద్ధం నాలిక చివరే ఉంది.
"వాడి ముఖం ఎక్కడ పెట్టారు?"

ఊరెళ్తూ పక్కింట్లో ఇచ్చిన గిన్నె
తిరిగి అడిగినట్టు అడిగింది.

చూపకూడదు. ఎవరికీ. ముందు ఇంటివాళ్లకి.
ఆ కాయితం మీద సంతకం నాదే.
తప్పే చేశాను, మబ్బు తీశాను.

ఒక్క కంటితో చూసింది.
చాలాసేపు.
"చిక్కిపోయాడు" అంది.
ఆ తర్వాత ఏమంటుందో అని
నా చెయ్యి లాప్‌టాప్ మూత మీదే ఉంది.

"మళ్లీ కప్పు.
ఇదిగో, ఇక్కడ తల వంచినప్పుడు చెవి బయటపడుతోంది,
నూనె చిట్లి కాలిన మచ్చ, మా వీధిలో అందరికీ తెలుసు.
సరిగ్గా తుడవలేదు నువ్వు."

నూట నలభై ఫ్రేములు.
పక్కన కూర్చుని తుడిపించింది,
ఇంకా, ఇంకొంచెం, చెవి వెనకాల, అంటూ
బడికి పంపే పిల్లాణ్ని తయారుచేస్తున్నట్టు.

"మరి చేతులు?" అన్నాను.

కోటు గుండీలు పెట్టుకుంటోంది.
ఒకటి తప్పింది, విప్పి మళ్లీ పెట్టుకుంది.

"ఉండనీ.
ఆ లెక్క తెలిసింది నాకొక్కదానికే."