పదకొండు

ఐసు పెట్టె మూత తీయగానే
వరిదుబ్బుల వాసన కొట్టినట్టయింది.
అదేం ఉండదు, నాకు తెలుసు.
ముమ్మిడివరంలో బస్సెక్కి, యానాం వంతెన దాటి,
కాకినాడ చేరిన రెండు మిల్లీలీటర్ల నెత్తురు.
చెమ్మకి పాకిన నీలం సిరాలో చీటీ:
ఇండ్ల అంకయ్య, నలభై రెండు, ఎలుకలు పట్టే పని.
జ్వరం ఐదో రోజు. కళ్ళు ఎరుపు.
పిక్కలు ముట్టుకోనివ్వడు.

పాత మెషీను మధ్యాహ్నమే నసిగింది.
ముప్పైతొమ్మిదో చుట్టులో గీత కాస్త తలెత్తి
మళ్ళీ పడుకుంది.
కూలి డబ్బులడిగితే రేపు చూద్దాంలే అనే ఆసామిలా
ఉందనీ అనదు, లేదనీ అనదు.

కొత్తది నసగదు. విడగొడుతుంది.
ధవళేశ్వరం దాటాక ఏరు పాయలై,
నీరు కాలవై, పిల్లకాలవై,
బోదెలో పడి మడికి చేరినట్టు
నెత్తురులోంచి తీసిన ఒక్క బొట్టుని
నూనెలో ఇరవై వేల మడులు చేస్తుంది.
ఏ మడి గట్టు ఆ మడిదే.
ఒకదాని నీరు ఒకదాంట్లోకి పొర్లదు.
ఏ మడిలో కలుగుంటే ఆ మడి పచ్చగా వెలుగుతుంది.
తక్కినవన్నీ నలుపు.
ఇక లెక్కపెట్టుకోవడమే.

అంకయ్యదీ లెక్కే.
పొద్దుగూకే వేళ గట్ల మీద వెదురు బుట్టలు పెట్టి
తెల్లారి తోకలు కట్టగట్టి చూపిస్తే
తోకకి ఇంతని ఇస్తారట.
తోక లేని ఎలుకకి డబ్బుల్లేవు.
నెత్తురు తెచ్చిన ఆశా కార్యకర్త మంగాదేవి
బస్సు టైమైపోతోందంటూనే ఇదంతా చెప్పింది.

రాత్రి తొమ్మిదిన్నర.
ఇరవై వేలల్లో మూడు వెలిగాయి.
పక్కన ఉత్త నీళ్ళు పోసిన గుంటలో
ఒకటి.

ఆ ఒక్కటీ నన్ను ఇంటికి పోనివ్వలేదు.
ఉత్త నీళ్ళకి ఎలుక జ్వరం ఎక్కడిది?
నా గ్లౌజు వేలా? దుమ్మా?
మెషీను కంట్లో నలుసా?
మూడులోంచి ఒకటి తీసేసి రెండనుకోడానికి
ఇదేమైనా చింతపిక్కల ఆటా?
బల్ల తుడిచాను. ట్యూబులు పారేశాను.
మళ్ళీ మొదటినుంచి
నాలుగు గుంటల్లో అతనిది, నాలుగింట్లో నీళ్ళు.
నడుమ కరెంటు పోయింది,
ఇన్వర్టరు ముసలి గేదెలా మూలిగింది.

ఒంటిగంటకి
నీళ్ళ గుంటలు నాలుగూ నలుపు.
అతని గుంటల్లో రెండు, నాలుగు, రెండు, మూడు.
ఎనభై వేల మడుల్లో పదకొండు కలుగులు.

డాక్టరు జోగారావు గారికి ఫోను చేశాను.
నిద్ర గొంతుతో అన్నారు:
"ఇంజక్షన్లు మొన్నే మొదలెట్టేశానమ్మా.
పిక్క పట్టుకుంటే కేకేశాడు, నాకది చాలు."
చేతిలో కాగితం ఒక్కసారిగా తేలికైపోయింది.
కాసేపు ఏమీ మాట్లాడలేదు ఇద్దరం.
"అయినా పంపించు. పొద్దున్నే పంపించు.
తుపానుకి పడిపోయిన ఆ చేలోనే
మోకాల్లోతు నీళ్ళలో కోతకి దిగినవాళ్ళు
ఇంకా తొమ్మండుగురున్నారు.
కాగితం లేందే వాళ్ళకి మాత్రలు కదలవు."

పద్దెనిమిది రోజులకి అంకయ్య వచ్చాడు.
చొక్కా వదులైంది. కళ్ళు తెల్లబడ్డాయి.
కిటికీ ఊచల్లోంచి అడిగాడు:
"నాలో ఎన్నున్నాయమ్మా?"
"పదకొండు."
నవ్వాడు. "ఒక్క బుట్టకి రావు.
తోకలేవీ?"

ప్రింటు తీసి చూపించాను.
నల్లటి కాగితం మీద పచ్చ చుక్కలు.
చిట్లిన గోటితో ఒక్కొక్కటే తాకుతూ
పదిదాకా వచ్చి ఆగాడు.
పదకొండోది అంచు మీద
సగానికి తెగిపోయి ఉంది.

"ఇది మా ఆసామి ఒప్పుకోడు," అన్నాడు.