కూడికలో దొరికింది

ముత్తుకూరు రోడ్డులో రొయ్యల షెడ్డు.
బెల్టు మీద వనామీ, కెమెరా కిందనుంచి లెక్కకు పోతుంటుంది.
కోల్డ్‌రూమ్ కంప్రెసరు ఉలిక్కిపడి లేచినప్పుడల్లా
తెర మీద బొమ్మ అడ్డంగా చిరుగుతుంది.
"నలభై కౌంటు సరుకుని నాలుగొందలంటాందబ్బా"
సూపర్‌వైజర్ పెంచలయ్య మావైపే చూస్తాడు,
ఆ రొయ్యల్ని మేమే చిక్కిపోయేట్టు చేసినట్టు.

మూడు మీటర్ల కేబులు. లోపల మెలేసుకున్న రెండు తీగలు.
ఒకటి ఎక్కితే ఒకటి దిగుతుంది.
ఆ తేడానే కబురు.
చివర్లో రెంటికీ నడుమ నూరు ఓముల రెసిస్టరు:
తగువు అక్కడిదాకా వచ్చి, కాస్త వేడెక్కి, ఆరిపోతుంది.
లెక్క సరిగ్గానే ఉంది.
బొమ్మ చిరుగుతూనే ఉంది.

షీల్డు అన్నాను నేను. కనెక్టరన్నాడు మస్తాన్‌వలి.
స్టోన్‌హౌస్‌పేటలో రిపేరు గది తెరిచినకాణ్ణించీ
మేం దేనికీ ఒప్పుకున్న పాపాన పోలేదు,
టీలో చక్కెరకైనా, టంకం వేడికైనా.
ఏ గొడవైనా సాయంత్రానికి బల్ల మీదే తీరిపోతుంది.

రాత్రి పదకొండు. చేతులకి నీచు వాసన.
స్కోపులో తీసివేత గుర్తు మార్చి కూడిక పెట్టాడు వలి.

అప్పుడు కనబడింది
రెండు తీగలూ కలిసి మోస్తున్నది.
ఒకే ఎత్తు లేచి, ఒకేలా వణికి,
కొసదాకా పోయి,
ఆ నూరు ఓముల్ని తాకనైనా తాకక వెనక్కి,
మళ్ళీ ముందుకి,
ముప్పై నానోసెకన్లకోసారి, దిక్కులేక.
తేడాకి గుమ్మం పెట్టాం.
ఇద్దరిదీ అయినదానికి పెట్టలేదు.

నూరుని యాభై, యాభైగా విరిచాం.
నడిమినుంచి ఇంకో పది ఓములు
(అంత దగ్గరగా నడిచిన తీగల ఉమ్మడి బరువు
విడి లెక్కలకి అందదు),
దాని కింద ఆవగింజంత కెపాసిటరు,
దాని కింద నేల.
కంప్రెసరు లేచింది. రొయ్య రొయ్యలాగే ఉంది.
పెంచలయ్య మెచ్చుకోలేదు గానీ
కిలో రొయ్యలు ఐసేసి కవర్లో కట్టించాడు.

తిరుగుదారిలో పోర్టు లారీల వెలుగు.
వెనక కూర్చున్న వలి ఒక్క వాదనా ఎత్తలేదు.
మూణ్ణెల్ల అద్దె బాకీ.
నాకు తెలుసని తనకి తెలుసు, తనకి తెలుసని నాకు.
ఇద్దరం అనుకునేది ఒకటే అయినప్పుడు
అనేందుకు ఏముంటుందని
ఇన్నాళ్ళూ ఎవరమూ అనలేదు.

బండి పక్కన ఆపాను.
"వలీ, గది..."
"ఊఁ, ఎట్టా మరి?"
చెప్పుల కింద ఉప్పుమట్టి.
హాండిల్‌కి తగిలించిన కవరు
కారుతూ ఉంది.