ఒకటో నంబరు పిన్ను

ఆఫీసుల పాత కంప్యూటర్ పొగొచ్చి సచ్చింది,
శివరాత్రి ముంగట, సరిగ్గ మిర్చి సీజన్ల.
కొత్తది పంపిన్రు. టిఫిన్ డబ్బంత ఉన్నది,
ఎనుక అన్నీ సన్న సన్న సందులు.
బయట షెడ్డుకున్న ధరల తెర మాత్రం పాతదే:
నీలం మూతి, పదిహేను రంధ్రాలు,
పక్కలకు రెండు మరలు.

"ఒక వైరు తెచ్చుకో పో" అన్నడు వీరస్వామి సారు,
అగ్గిపెట్టె తెమ్మన్నట్టు.

ఎనుమాముల నుంచి చౌరస్తాకు ఆటో ఇరవై.
వాజిద్ దుకాండ్ల కొక్కేలకు వైర్లు
సవరాలమ్మే బండి లెక్క ఏలాడ్తన్నయి.
"ఆడదా మగదా?" అన్నడు తల ఎత్తకుంట.
ఆ దుకాండ్ల ఆడదాన్ని నేనొక్కదాన్నే.
ఇద్దరు పోరగాండ్లు కిసుక్కుమన్నరు.
"పిన్నులుంటె మగ, రంధ్రాలుంటె ఆడ.
పేరు కంపెనోళ్లు పెట్టిన్రు మేడం, నేను గాదు. పొడుగెంత?"

మీటర్లు నాకు తెల్వది.
గోడెంట మూరేసుకుంట వచ్చిన, మల్లెపూలు కొలిచినట్టు:
ముప్పై రెండు మూరలు.
నోట్లనే లెక్కేసి "పదిహేను మీటర్లు. వీజీఏ, లావుది తీస్కోండ్రి,
సన్నది అంత దూరం బొమ్మను మోయదు.
కంప్యూటర్ దిక్కు తోకున్న అడాప్టర్. లోపట చిప్పుంటది.
అది ఇటు నుంచి అటే మాట్లాడ్తది,
అటు నుంచి చెప్తె వినదు."
"మా సారు తీరు" అన్న.
ఈసారి పోరగాండ్లు గట్టిగనే నవ్విన్రు.

తెచ్చి పెడితె దూరలే.
రెండు మూలలు చెక్కి ఉంటె హెచ్‌డీఎంఐ అట,
ఒక్క మూలనే చెక్కితె డిస్‌ప్లే పోర్ట్ అట.
మా డబ్బాది ఒక్క మూల.
మందల చెవు కోసిన మేక
నా కండ్ల ముంగటనే ఉండె, గుర్తువట్టకపోతి.
మళ్ల ఆటో. మళ్ల ఇరవై.
"వాపస్ ఉండదు మేడం, కవరు చింపిన్రు."
ఏ బిల్లుల ఎక్కని
నా సొంత మూడొందల యాభై.

మూడు గొట్టంగ తెర ఎలిగింది.
షెడ్డు కింద అందరు లేచిన్రు,
ముక్కుకు కండువలు అడ్డం పెట్టుకొని, దగ్గుకుంట.
వండర్ హాట్ వచ్చింది. చపాట వచ్చింది.
తేజ ఉండే గీత ఖాళి.
పేరు గూడ లేదు, ఉత్త నలుపు.

చుట్టూర చూస్తె కుప్పలు.
గోడ దాక ఎరుపు, లారీ టైర్లకు ఎరుపు,
హమాలీల ఈపుల మీద చెమటల తడిసిన ఎరుపు.
తెర మీద మాత్రం బొట్టంత లేదు.

వాజిద్‌కు ఫోన్ జేసిన.
"తెర దిక్కు మూతి ఇప్పి చూడున్రి,
పై వరుసల ఒకటో నంబరు పిన్ను.
ఎరుపంత దాని మీదికెల్లే వస్తది. వంగిందా?"
వంగింది. తొందరల నేనే అడ్డం గుద్దిన.
నిచ్చెన మీద నిలవడి జడల స్లయిడు తీసిన,
బియ్యంల రాయి ఏరినట్టు మెల్లగ
దాన్ని లేపిన, మళ్ల పెట్టి మరలు తిప్పిన.

తేజ వచ్చింది. ఎర్రగ వచ్చింది.

ఎక్కిన ధర ఆకుపచ్చ, దిగిన ధర ఎరుపు.
ఆ రంగులు పోయినేడు నేనే పెట్టిన,
చూసెటందుకు మంచిగుంటయని.
నిన్నటి మీద పదిహేడు వందలు తక్కువ.

షెడ్డు మళ్ల కూసున్నది.

గూడూరు దిక్కు తండా నుంచి
తొమ్మిది బస్తాలతోని వచ్చిన బానోతు హర్యా
కిటికి కాడికొచ్చి నిలవడ్డడు.
"ఆ సూది లేపింది నువ్వేనా బిడ్డా?"
అవునన్న.
టేబుల్ మీది తప్పు వైరు దిక్కు చూసిండు.
"గిదెందుకు?"
"ఎందుకు గాదు తాతా, ఇది దేంట్ల దూరది."
చేతిల వట్టుకొని రెండుసార్లు గుంజి చూసిండు.
"గట్టిగున్నది. ఇయ్యరాదు,
ఒక బస్తా మూతి ఊడింది, మళ్ల ఇంటికి మోస్కపోవాలె."

ఇచ్చిన.
పొద్దుగూకంగ ట్రాలీ గేటు దాటుతాంటె
పై బస్తాకు రెండు మూలలు చెక్కిన మూతి,
బంగారు నీళ్లద్దింది,
గతుకు గతుకుకు ఊగుకుంట పోయింది.