పదకొండు నిమిషాలు

భీమవరం దాటాక, ఎనమదుర్రు డ్రెయిను గట్టుకి ఇవతల
మా రొయ్యల కంపెనీ.
పార్కింగు అంటే ఒక రేకుల పందిరి,
దాని కింద పసుప్పచ్చ గీతలు,
నాలుగు కార్లకి నాలుగు పేర్లు.
బస్సులో వచ్చేవాళ్లకి గీతలు లేవు,
గేటు దగ్గర బురద ఉంది.

నేను టైమాఫీసులో గుమస్తాని.
ఆ పొద్దున ఆషాఢం ముసురు,
మొగల్తూరు బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యం.
సూపర్‌వైజరు రంగరాజు గారు నా పక్కన కుర్చీ లాక్కుని
"అరపూట కొట్టెయ్యండి" అన్నారు.
ఇరవై రెండు పేర్ల పక్కన
ఎర్ర సిరాతో ఇరవై రెండు అరలు వేశాను.
చంద్రమతి కిటికీలోంచి
"బస్సుక్కూడా కొడతారా అండీ?" అని అడిగి
జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.

మధ్యాహ్నం రెండున్నర.
కొత్త కారు. తొమ్మిది రోజులది.
సీట్లకి ప్లాస్టిక్ కవర్లు తియ్యలేదు,
ముందు కట్టిన నిమ్మకాయ ఇంకా వాడలేదు.
ఐసు వ్యానుకి దారివ్వాలని వెనక్కి తీశారు రంగరాజు గారు.
బ్రేకనుకున్నది బ్రేకు కాదు.

ముందు టబ్బుల దొంతర కూలింది.
తర్వాత ఏసుపాదం సైకిలు.
తర్వాత ఏసుపాదం కూర్చునే స్టూలు.
ఏసుపాదం అప్పుడే బీడీకని లేచాడు;
ప్రభువు ముట్టించిన బీడీ అంటాడు ఇప్పటికీ.
తర్వాత పందిరి గుంజ. ఆ తర్వాత, గుద్దడానికి ఇంకేం లేక,
రొయ్య తలకాయల నీళ్లు పోయే కాలవ.
వెనక చక్రాలు అందులో, ముందు చక్రాలు గాల్లో,
హారన్ దానంతటదే మోగుతూ,
కొంగలన్నీ ఒక్కసారే లేచి
ఒక్కొక్కటే మళ్లీ దిగుతూ.

క్రేను పాలకొల్లులో ఉందన్నారు.
అప్పుడొచ్చారు వాళ్లు, పీలింగు హాలు తలుపు తోసుకుని,
తెల్ల టోపీలు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు,
చేతి తొడుగులు తియ్యకుండానే.
ఆయన తలుపు తియ్యబోతే
"కూకోండి సార్, దిగితే బూట్లు పాడైపోతాయి"
అంది చంద్రమతి. వేళాకోళమో జాలో
నేనిప్పటికీ తేల్చుకోలేదు.

నీళ్లు మోకాలి లోతు. వాసన మాత్రం మెడ లోతు.
"ముప్పై కౌంటూ!" అని చంద్రమతి.
"నలభై కౌంటూ!" అని మిగతావాళ్లు.
"కారెంత కౌంటే అక్కా?"
"కిలోకి ఒక్కటీ తూగదే!"
నవ్వుకి పట్టు జారి ఒకసారి మళ్లీ దిగబడింది.
వెనకద్దం నిండా అరచేతులు.
రంగరాజు గారు మెడ తిప్పి వాటినే చూస్తూ కూర్చున్నారు.
ఏం చూశారో నేనడగలేదు.

గట్టెక్కింది కారు.
అలవాటు కొద్దీ గడియారం చూశాను:
పదకొండు నిమిషాలు.

సాయంత్రం ప్రమాదాల రిజిస్టరు తీశాను.
కారణం: వర్షం, జారుడు.
నష్టం: బంపరు, వెనక లైటు, సైకిలు ఒకటి, స్టూలు ఒకటి.
సాక్షుల గడి చిన్నది, ఇరవై రెండు పేర్లు పట్టవు.
"కార్మికులు" అని రాశాను.
పని ఆగిన సమయం అన్నచోట పెన్ను ఆగింది.
రాస్తే రూలు ప్రకారం అదీ కొట్టెయ్యాలి.
రాయకపోతే వాళ్లసలు రానట్టే.

రంగరాజు గారు తల తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డారు.
ఆ గడి చూశారు.
పొద్దుటి పేజీ కూడా చూశారు, ఎర్రగా ఉంది కదా.
"రేపు చూద్దాం లెండి" అన్నారు.
మర్నాడు కూడా అదే మాట.
గడి ఖాళీగానే ఉంది. అరపూట కూలీ రానేలేదు.

బంపరు మాత్రం మార్పించలేదాయన, ఎందుకో.
సొట్టలో రబ్బరు తొడుగు వేలొకటి
చిరిగి ఇరుక్కుపోయింది, ఎవరిదో.
మొన్న రైలు గేటు పడినప్పుడు
నా స్కూటరు ముందు ఆ కారే ఆగింది.
ఎండకి పెళుసెక్కిన ఆ వేలు
ఇంజను అదురుకి అదురుతూ
గూడ్సు పూర్తిగా వెళ్లేదాకా
నన్నే చూపిస్తోంది.