గేటుకు ఒక ట్యాంకరు

రాత్రి తొమ్మిదికి నాకు తెల్లవారుతుంది.
బెళ్ళందూరు, ఆరో అంతస్తు, తెరుచుకోని కిటికీ.
అమెరికా పడమటి ఒడ్డున లాయరు కాఫీ కలుపుకుంటాడు,
నేనిక్కడ ఆయన ఫైళ్ళు విప్పుతాను.
ఒక్కో ఫైలుకు ఒక్కో తేదీ.
పుట్టిన తేదీ కాదు, పెళ్ళి తేదీ కాదు,
వరసలో నిలబడ్డ తేదీ.

వల్లూరి సుధీంద్రది రెండువేల పదమూడు, ఫిబ్రవరి.
అప్పుడు నేను మదనపల్లెలో తొమ్మిదో తరగతి.
నాకు సైకిలొచ్చింది, డిగ్రీ వచ్చింది, ఈ ఉద్యోగమొచ్చింది.
ఆయన వంతు ఇంకా రాలేదు.

నెలనెలా బులెటిన్ వస్తుంది.
ఒక నెల తేదీ పది రోజులు జరుగుతుంది,
ఒక నెల కదలదు,
ఒక నెల వెనక్కే పోతుంది.
కాలం వెనక్కి నడవడం నేనక్కడే చూశాను.

"ఏ దేశానికైనా నూటికి ఏడే" అంది ప్రతిమా మేడం
నేను చేరిన వారంలో.
కోట్ల జనమున్నా ఏడే, చేతిరుమాలంత దేశమైనా ఏడే.
సమానమే కదా అన్నాను.
నవ్వలేదామె.
"మీ పీజీలో నీళ్ళెట్లా?" అంది.

మా పీజీలో అరవై రెండు మంది.
మార్చిలో బోరెండింది.
గేటుకు ఒక ట్యాంకరు, వారానికి రెండుసార్లు: వీధి సంఘం తీర్మానం.
ఎదురుగేటు లోబో గారిది.
ఆయన, భార్య, ఒక పిల్లి.
వాళ్ళకూ ట్యాంకరే.
వాళ్ళ సంపు పొర్లి రోడ్డు తడుస్తుంటే
మేము మగ్గులు లెక్కపెట్టి తలంటుకుంటాం.

ఈ వారం బిల్లు కదిలింది.
దేశం చూడొద్దు, తేదీ చూడమంటుంది.
ముందు నిలబడ్డవాళ్ళకు ముందు.
ఒక సభ దాటింది, రెండో సభ గడపలో ఉంది.
సుధీంద్ర మూడుసార్లు ఫోన్ చేశాడు.
ఆగస్టులో వాళ్ళమ్మాయికి ఇరవై ఒకటి నిండుతాయి.
నిండితే ఆ పిల్ల తండ్రి ఫైల్లోంచి రాలిపోతుంది,
పక్వానికొచ్చిన తప్పుకు.
"పాసవుతుందా అమ్మా?"
మా నాన్న వయసు మనిషి.
నాకు రాసిచ్చిన వాక్యం చదివాను:
పరిణామాలను గమనిస్తున్నాము.

మూడింటికి ఎఫియా.
ఘానా నర్సు, రాత్రి వార్డు.
ఆమె తేదీ నిరుటిది, వంతు దగ్గరికొచ్చింది.
"అది పాసైతే నేనెంత వెనక?"
వేళ్ళమీద లెక్కేశాను.
రెండు చేతులూ చాల్లేదు, చెప్పలేదు.
అదే వాక్యం చదివాను.
ఈసారి 'గమనిస్తున్నాము' దగ్గర గొంతుకు ఏదో అడ్డం పడింది.

ఆదివారం సంఘం మీటింగు.
మా జయశీలమ్మ లేచింది.
గేట్ల లెక్క ఆపండి, తలల లెక్క పెట్టండి అంది.
అందరికన్నా గట్టిగా నేనే చప్పట్లు కొట్టాను.
లోబో గారు కుర్చీ పట్టుకుని నిలబడ్డారు.
"న్యాయమే," అన్నారు,
"మీ అరవై రెండు తలలూ తడిశాక
మా వంతు ఏ వారం?"
నా చేతులు ఒళ్ళో పడున్నాయి.
వెనకనుంచి ఎవరో కుర్రాడు:
"ఇంకో రెండు ట్యాంకర్లు తెప్పిస్తే పోదా?"
అందరూ వాణ్ణి చూశారు,
ఎప్పుడూ వినని భాష మాట్లాడినట్టు.
తర్వాత టీ వచ్చింది.
తీర్మానం వచ్చే ఆదివారానికి.

బిల్లుకు వచ్చే ఆదివారం దొరకలేదు.
సమావేశాలు ముగిశాయి, దానితో అదీ.
రెండు మెయిళ్ళు పంపాను,
ఒకే వాక్యం, ఇద్దరికీ.
ఒకరు ఏడ్చుంటారు. ఒకరు ఊపిరి పీల్చుకునుంటారు.
ఎవరికోసం బాధపడాలో
ఆఫీసు వాళ్ళు రాసివ్వలేదు.

తెల్లారి పీజీకొస్తే
లోబో గారి గేటు కిందనుంచి పచ్చపైపు
రోడ్డు దాటి మా గుమ్మందాకా.
ఆయన కనబడలేదు. గోడమీద పిల్లి ఉంది.
చివర పట్టుకుని బకెట్ మీద వంగాను.
ఆటో పైపు మీదెక్కిన ప్రతిసారీ ధార తెగి
మళ్ళీ వస్తుంది.
స్కూలు బస్సుల వేళ.
సగం బకెట్ దగ్గర
ఫోన్ మోగుతోంది.